గోడ వెనక గొంతు

2018 ఎండాకాలంలో ఒక రాత్రి, కూకట్‌పల్లిలో నా అద్దె గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద పొగమంచు. ఆ మంచులోంచి ఒక దుంగ పడవ వస్తోంది. పడవలో ఒకే ఒక ఆడమనిషి తెడ్డు వేస్తోంది. ఇంతలో నా ఎడమ చెవి వెనక ఎవరో గుసగుసగా మాట్లాడారు. ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. తలుపు గడియ వేసే ఉంది. కుడివైపు ఇంకో గొంతు నవ్వింది. మళ్ళీ తిరిగాను.

ఆట మొదలై పది నిమిషాలు కూడా కాలేదు, ఒళ్ళంతా చెమటలు. ఆట భలే భయపెట్టిందే అనుకున్నాను. అసలు దేనికి భయపడ్డానో ఒప్పుకోవడానికి నాకు ఏళ్ళు పట్టింది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో నేను హైదరాబాదులో ఒక చిన్న గేమ్ కంపెనీలో కథలు రాసేవాణ్ణి. ఒక పల్లెటూరి కథ అనుకున్నాం. ఊళ్ళో వరసగా హత్యలు జరుగుతుంటాయి, ఆడేవాళ్ళు హంతకుణ్ణి పట్టుకోవాలి. ఆ హంతకుడు ఎవరో తేల్చాల్సింది నేను. ఒక్క పూటలో తేల్చేశాను. ఊరి చివర ఉండే మనిషి, తనలో తాను మాట్లాడుకుంటాడు, చెవిలో గొంతులు చంపమంటాయి, చంపుతాడు. బొమ్మలు గీసే అమ్మాయి మనిషి ఎలా ఉంటాడని అడిగితే జడలు కట్టిన జుట్టు, చిరిగిన చొక్కా, ఎర్రటి కళ్ళు అని చెప్పాను. ఇంతకుముందు ఏం పని చేసేవాడు, వంట ఎవరు చేసిపెడతారు, ఎవరంటే ఇష్టం అని ఆ అమ్మాయి మళ్ళీ అడిగింది. "పిచ్చివాడు కదా, అవన్నీ ఎందుకు? చూడగానే జనానికి అర్థమైపోతుంది" అన్నాను. మీటింగులో మిగతావాళ్ళంతా తలూపారు. ఆ అమ్మాయి మాత్రం ఊపలేదు. సాయంత్రం ఒక కాగితం మీద ఆట పేరు రాసిచ్చి, ముందు ఇది ఆడి రండి అంది. 'హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్'. అంతకుముందు సంవత్సరం ఆగస్టులో వచ్చిన ఆట.

గొంతులు వినే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. తెనాలిలో మా మావయ్య, అమ్మకి తమ్ముడు. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. ఇరవై నాలుగో ఏట మొదలైంది ఆయనకి. పొద్దున్నే స్నానం చేసి, తల నున్నగా దువ్వుకుని, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని బల్ల ముందు కూర్చునేవాడు. విప్పిన స్క్రూలు పోకుండా డబ్బా మూతలో వరసగా పేర్చేవాడు. పిల్లల్లో ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. జడలు కట్టిన జుట్టూ ఎర్రటి కళ్ళూ నేను చూసింది సినిమాల్లో. పుట్టినప్పటి నుంచి కళ్ళెదురుగా ఉన్న మనిషిని వదిలేసి, సినిమాలో కాసేపు కనబడి పోయే మనిషిని పట్టుకొచ్చి రాశాను. రాస్తున్నప్పుడు మావయ్య గుర్తుకైనా రాలేదు. నా తప్పుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

ఆట కథ ఎనిమిదో శతాబ్దం చివర్లో జరుగుతుంది. సెనువా స్కాట్లండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల పిల్ల, పిక్ట్ జాతి. సముద్రం దాటి వచ్చిన నార్స్ మూకలు ఆమె ప్రేమించిన డిలియన్‌ని చంపేశాయి. అతని పుర్రెని గుడ్డలో చుట్టి నడుముకి కట్టుకుని, ఆ నార్స్ వాళ్ళ మృత్యులోకం హెల్‌హైమ్‌కి వెళ్ళి, అక్కడి దేవత హేలాని ఎదిరించి అతన్ని వెనక్కి తెచ్చుకోవాలని బయల్దేరుతుంది. మన సావిత్రి కథ గుర్తొచ్చింది నాకు. సావిత్రి గెలిచింది కనక ఈమె కూడా గెలుస్తుందని మొదటి గంటలోనే నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం చివరిదాకా నన్ను వదల్లేదు.

సెనువాకి సైకోసిస్. మనకి వినబడనివి ఆమెకి వినబడతాయి, కనబడనివి కనబడతాయి. ఆట మొత్తం ఆమె లోపలి నుంచే నడుస్తుంది. బయట నిలబడి "ఇదిగో ఇది నిజం, అది ఆమె భ్రమ" అని చెప్పే మనిషి ఎవరూ ఉండరు. ఆ గొంతులు ఆమెని వెక్కిరిస్తాయి, భయపెడతాయి, ఒకదానితో ఒకటి వాదించుకుంటాయి, అప్పుడప్పుడు ధైర్యం కూడా చెబుతాయి. రెండు కృత్రిమ చెవుల్లో రెండు మైకులు అమర్చి, వాటి చుట్టూ నటులు తిరుగుతూ మాట్లాడగా రికార్డు చేశారు. అందుకే ఆ మాట నీ చెవి పక్కనే, నీ భుజం వెనకే వినబడుతుంది.

నేను చేసిన మొదటి పని హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టడం. ఆ మనిషి బాధ ఆ గొంతులే కదా, అవి లేకపోతే ఆట హాయిగా సాగుతుందని నా లెక్క. చిన్న స్పీకర్లు పెట్టి, సౌండు బాగా తగ్గించి ఆడాను. వరసగా చచ్చిపోయాను. యుద్ధం వచ్చినప్పుడు వెనక నుంచి కత్తి దూసేవాడు తెర మీద కనబడడు. వెనకాల ఉన్నాడని హెచ్చరించేది ఆ గొంతులే. వెక్కిరించే నోటితోనే కాపాడతాయి కూడా. అది తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. తర్వాత ఒకచోట సెనువాకి చూపు దాదాపు పోతుంది. చీకట్లో చప్పుడు పట్టుకునే దారి వెతుక్కోవాలి. అక్కడ గతిలేక హెడ్‌ఫోన్స్ మళ్ళీ పెట్టుకున్నాను. గొంతులు వినబడకుండా చెయ్యాలని చూడటం, మా ఇంట్లో కూడా మేం చేసింది ఇదే. మావయ్య పెదాలు కదిలితే చాలు, "ఊరుకో, వాటిని పట్టించుకోకు" అనేవాళ్ళం. అవి ఏమంటున్నాయి అని ఒక్కళ్ళం కూడా అడగలేదు. అందులో ఆయనకి పనికొచ్చేది ఏదైనా ఉందేమో, ఏది మరీ వేధిస్తుందో, ఏ వేళకి ఎక్కువవుతాయో తెలుసుకోవాలన్న ఆలోచనే లేదు మాకు.

ఆట మొదట్లో సెనువా చెయ్యి నల్లబడుతుంది. ఓడిన ప్రతిసారీ ఈ కుళ్ళు పైకి పాకుతుంది, తలకి చేరితే నువ్వు వచ్చిన దూరమంతా పోతుంది, మళ్ళీ మొదటికే అని తెర మీద హెచ్చరిక వస్తుంది. నమ్మాను. ఓడినప్పుడల్లా ఆ చెయ్యి చూసుకుని గుండె దడదడలాడేది. ఒక రాత్రి మోచెయ్యి దాటిందని ఆట కట్టేసి, మర్నాడు ఆఫీసులో కూడా అదే ఆలోచన. వారం రోజులు అలా గడిపాక తెలిసింది, అలా చెరిగిపోవడం అసలు లేదట. వట్టి బెదిరింపు. చెప్పింది నమ్మాను, నమ్మినదానికి ప్రతి ఓటమీ సాక్ష్యంగా కనబడింది, దాంతో ఇంకా గట్టిగా నమ్మాను. ఆరోగ్యంగా ఉన్నాననుకునే నాకు, జీతం తెచ్చుకుంటున్న నాకు, ఒక్క వాక్యంతో అబద్ధపు నమ్మకం కుదిరిపోయింది. "అది నిజం కాదని ఎంత చెప్పినా ఎందుకు నమ్మడు?" అని మావయ్య గురించి నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు.

ఇంకో సంగతి. ఆ ఆటలో తలుపులు తెరుచుకోవాలంటే చుట్టూ ఉన్న చెట్లలో, దూలాల్లో, నీడల్లో దాగిన అక్షరాల ఆకారాలు పట్టుకోవాలి. సంబంధం లేనివాటి మధ్య సంబంధం కనబడటం సైకోసిస్‌లో చాలామందికి అనుభవం. దాన్ని ఆటలో పనిగా పెట్టారు. వారం తిరిగేసరికి కూకట్‌పల్లి కరెంటు తీగల్లో కూడా నాకు ఆకారాలు కనబడ్డాయి.

సెనువా తండ్రి జిన్‌బెల్. కూతురికి శాపం తగిలిందని, ఆ శాపం ఊరికి చేటని ఆమెని జనానికి దూరంగా చీకట్లో పెట్టి పెంచాడు. గొంతులు వినే తల్లి గాలీనాని మంటల పాలు చేసింది కూడా అతనే. సెనువాని అన్నిటికంటే ఎక్కువగా తొక్కిపెట్టే చీకటి గొంతు ఒకటుంటుంది. ఆట ముందుకు పోయేకొద్దీ ఆ చీకటికీ తండ్రికీ ఉన్న ముడి తెలుస్తుంది. జబ్బు పెట్టిన బాధ ఒకటి, జబ్బుకి శాపమని పేరు పెట్టిన ఇల్లు పెట్టిన బాధ ఒకటి. రెండోదే పెద్దదని ఆ కథ చెప్పిందని నేను అనుకుంటున్నాను. ఆడుతున్నప్పుడు మాత్రం ఆ తండ్రిని తిట్టుకుంటూ, నాకేమీ సంబంధం లేనట్టు ముందుకు పోయాను.

చివరికి హేలా దగ్గరికి చేరాను. శత్రువులు వస్తున్నారు, నరుకుతున్నాను. మళ్ళీ వస్తున్నారు. చేతులు నొప్పిపుట్టినా వదల్లేదు. ఎన్నాళ్ళో నేర్చుకున్న ఆట, ఇక్కడ ఓడితే సిగ్గుచేటు. ఎంతకీ తరగరు. ఎందుకంటే ఆ యుద్ధం గెలవడానికి పెట్టింది కాదు. పడిపోతేనే కథ ముందుకు పోతుంది. ఆ సంగతి తెలియక చాలాసేపు పోరాడి, చివరికి అలసిపోయి పడ్డాను. డిలియన్ రాలేదు. సెనువా ఆ పుర్రెని వదిలేసింది. అతని చావుని ఒప్పుకుంది. తర్వాత లేచి నిలబడింది. గొంతులు ఇంకా ఉన్నాయి. మాట్లాడుతూనే ఉన్నాయి. వాటితోనే ఆమె ముందుకు నడిచింది. ఆట అయిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, "ముగింపు బాగాలేదు. అంత కష్టపడితే కనీసం ఆ గొంతులైనా పోవాలి కదా" అన్నాను.

"తగ్గితేనే కథా, సార్?" అంది.

నేను జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం అమ్మకి ఫోను చేశాను. చివర్లో ఎప్పుడూ అడిగే మాట నోట్లోకి వచ్చింది: "మావయ్యకి తగ్గిందా?" ఉద్యోగానికని హైదరాబాదు వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఫోనులో అడిగిన మాట అది. ఎలా ఉన్నాడని అడగలేదు, ఏం బాగుచేస్తున్నాడని అడగలేదు. తగ్గిందా? తగ్గలేదు అంటుంది అమ్మ. అయితే సరే అని పెట్టేస్తాను. నా దృష్టిలో ఆయన కథ తగ్గేదాకా మొదలు కాదు. అప్పటికి ఆయనకి యాభై అయిదేళ్ళు.

ఆ తర్వాత ఆ ఆట ఎలా తయారైందో చదివాను, దాంతోపాటు ఇచ్చిన డాక్యుమెంటరీ చూశాను. ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ ఊళ్ళో నింజా థియరీ అనే కంపెనీ. ఇరవై మందికి అటూ ఇటూగా ఉన్న జట్టు. రాసి, దర్శకత్వం వహించిన టమీమ్ ఆంటోనియాడిస్ అదే ఊళ్ళోని విశ్వవిద్యాలయంలో పనిచేసే మానసిక వైద్య నిపుణుడు పాల్ ఫ్లెచర్ దగ్గరికి వెళ్ళాడు. వెల్‌కమ్ ట్రస్ట్ అనే సంస్థ డబ్బు సాయం చేసింది. నన్ను తలదించుకునేలా చేసింది ఇంకోటి. సైకోసిస్ అనుభవం ఉన్నవాళ్ళని, రికవరీ కాలేజ్ ఈస్ట్ అనే చోట నుంచి, పిలిచి కూర్చోబెట్టారు. మీకు ఎలా వినబడుతుంది, ఎలా కనబడుతుంది అని అడిగారు. చేసింది వాళ్ళకి చూపించి, వాళ్ళ మాట విని మార్చారు. సెనువాగా నటించిన మెలీనా యర్గెన్స్ ఆ కంపెనీలో వీడియోలు ఎడిట్ చేసే ఉద్యోగి. పరీక్షల కోసం తాత్కాలికంగా నిలబెట్టిన మనిషే చివరికి ఆ పాత్ర అయింది. 2018లో బ్రిటిష్ అకాడమీ (బాఫ్టా) ఆ ఆటకి ఇచ్చిన అయిదు బహుమతుల్లో ఒకటి ఆమె నటనకి. మొదటి దృశ్యంలో, ఆ పడవ సాగుతుండగానే, తెర మీద పేర్లు పడతాయి. అందులో మానసిక ఆరోగ్య సలహాదారు పేరు కూడా ఉంటుంది. ఆ పూట నేను గది తలుపు కేసి చూసుకుంటూ కూర్చుని ఆ పేరు చదవలేదు.

వాళ్ళు పిలిచి అడిగారు. నాకు పిలవాల్సిన అవసరం కూడా లేదు. తెనాలికి ఫోను చేస్తే చాలు.

మన దగ్గర ఇలాంటిది తెలియక కాదు. 1985లో 'మయూరి' వచ్చింది. ప్రమాదంలో కాలు పోయి, జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసిన సుధా చంద్రన్ కథని సింగీతం శ్రీనివాసరావు సుధా చంద్రన్ చేతే నటింపజేశాడు. ఆ సినిమా నేను చిన్నప్పుడే చూశాను. చూసి కూడా నాకు ఏమీ అంటలేదు.

2018 దసరాకి తెనాలి వెళ్ళాను, లాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ పట్టుకుని. ఇంత గౌరవంగా తీసిన ఆట కదా, మావయ్యకి వినిపిస్తే సంతోషిస్తాడు, "అవునురా, ఇలాగే ఉంటుంది" అంటాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వినాలని నాకు ఆశ. పెద్దమ్మ వద్దంది. "వాడి మానాన వాణ్ణి ఉండనీరా" అంది. నేను వినలేదు. మావయ్య ఎప్పుడూ ఎవరికీ కాదని చెప్పే మనిషి కాదు. పెట్టుకున్నాడు. మూడు నాలుగు నిమిషాలు కళ్ళు మూసుకుని విన్నాడు. తీసేసి, వైరు జాగ్రత్తగా చుట్టి నా చేతికిచ్చాడు.

"ఎడమా కుడీ బాగా విడగొట్టారు. పనితనం ఉంది" అన్నాడు. కాసేపాగి, "ఇవి నావి కావురా. నావి ఇంత శుభ్రంగా రావు. స్టేషను సరిగా కుదరనప్పుడు పక్క స్టేషను మాటలు పడతాయి చూడు, అలా వస్తాయి" అన్నాడు.

తర్వాత తెర మీద ఆగిపోయి ఉన్న సెనువాని చూసి, "ఆ పిల్లకి ఎవరూ లేరా?" అని అడిగాడు.

లేరన్నాను.

"అదీ" అన్నాడు. లేచి బల్ల దగ్గరికి పోయాడు.

నేను హైదరాబాదు చేరిన మూడో రోజు పెద్దమ్మ ఫోను చేసింది. మావయ్య రెండు రాత్రులుగా నిద్రపోలేదట. "ఏం వినిపించావురా వాడికి?" అని అడిగింది. డాక్టరుని చూపిస్తే సర్దుకుంది. నేను మారిపోయానని నాకు నేను రుజువు చేసుకోవడానికి ఆయన చెవుల్ని వాడుకున్నాను. ఆట మంచిది కావచ్చు. అయినా అందులో కత్తులు, శవాలు, మంటలు ఉన్నాయి. సైకోసిస్ అంటే రాత్రింబవళ్ళు ఇదేనా అని ఆ అనుభవం ఉన్న మరొకళ్ళు అడిగితే న్యాయమే. మావయ్య రోజుల్లో ఎక్కువ భాగం రేడియోల ముందు గడిచాయి. ఒకరి అనుభవాన్ని గౌరవంగా చూపిన కథ అందరి అనుభవమూ అవుతుందనుకోవడం నా ఇంకో తెలివితక్కువతనం.

ఇక మొదటి రాత్రి నేను వెనక్కి ఎందుకు తిరిగానో చెప్పాలి.

1997 వేసవి సెలవులు. నాకు పదకొండేళ్ళు. అమ్మమ్మ పోయి ఏడాది అయింది. తెనాలి ఇంట్లో నలుగురం పిల్లలం. మావయ్యకి గొంతులు వినబడతాయట కదా, పిలిస్తే పలుకుతాడా అని పందెం. పిలిచింది నేను. అమ్మమ్మ గొంతు నాకు బాగా వచ్చేది. మధ్యాహ్నం వేళ ఆయన బల్ల ముందు సోల్డరింగ్ చేసుకుంటుంటే, గోడ వెనక సందులో నిలబడి అమ్మమ్మ పిలిచినట్టే పిలిచాను: "చిన్నోడా, అన్నానికి రారా." రెండుసార్లు. ఆయన లేచాడు. వంటింట్లోకి వెళ్ళి చూశాడు, పెరట్లోకి వెళ్ళాడు, నూతి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మేం సందులోంచి పరిగెత్తి వీధిలోకి పోయి నవ్వుకున్నాం.

ఆ రాత్రి ఆయన పెద్దమ్మతో, "అమ్మ గొంతు పెట్టి ఎవరో పిలిచారక్కా" అన్నాడు. నేను అక్కడే మంచం మీద పడుకుని విన్నాను. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. తెల్లారేసరికి ఇంట్లో ఆ మాట "అమ్మ పిలిచిందంటున్నాడు" అయింది. 'ఎవరో' పోయింది. 'గొంతు పెట్టి' పోయింది. చచ్చిపోయిన మనిషి పిలుస్తోందంటే ముదిరిందన్నారు, గాలి సోకిందన్నారు. పక్క ఊరి నుంచి భూతవైద్యుణ్ణి పిలిచారు. వేపమండలతో కొట్టారు. మూడు రాత్రులు వసారా స్తంభానికి కట్టి ఉంచారు. ఆ ఇంట్లో నిజం తెలిసిన నేను నోరు విప్పలేదు. మొదట దెబ్బలకి భయపడ్డాను. తర్వాత్తర్వాత మర్చిపోయాననుకున్నాను.

2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడి దగ్గర ఒక గుడిసెలో మంటలు లేచి, గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు 28 మంది కాలిపోయారు. ఆ వార్త పేపర్లో చదివి అమ్మ వసారా స్తంభం గుర్తొచ్చి ఏడ్చింది. ఆ నెలలోనే మావయ్యని గుంటూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించింది. అప్పుడు మొదలయ్యాయి మాత్రలు. నా పిలుపుకీ ఆ మొదటి మాత్రకీ మధ్య నాలుగేళ్ళు. మనిషిని గొలుసులతో కట్టకూడదని చెప్పిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. నేను సెనువా తండ్రిని తిట్టుకుంటూ ఆట ఆడుతున్న వేసవి అది.

మా కంపెనీ ఆట బయటికి రాలేదు. కానీ దాని కథలోంచి ఆ హంతకుణ్ణి తీసేశాను. తర్వాత కథలు ఎలా రాస్తున్నారో వెతికి వెతికి చూశాను. 2020లో వచ్చిన 'స్పైడర్ మ్యాన్: మైల్స్ మొరాలిస్' ఆటలో హేలీ కూపర్ అనే బధిర చిత్రకారిణి ఉంటుంది. ఆమెగా నటించిన నటాషా ఒఫీలి కూడా బధిరురాలే. మైల్స్ ఆమెతో చేతులతోనే మాట్లాడతాడు. అదేదో వింత అన్నట్టు ఎవరూ ఆగి చూడరు. ఆమె గోడల మీద బొమ్మలు వేసుకుంటుంది, ఆమె పని ఆమెది. 2018లో ఆ అమ్మాయి నన్ను అడిగినలాంటి ప్రశ్నలకి హేలీ దగ్గర జవాబు ఉంది.

2024 మే 21న హెల్‌బ్లేడ్ రెండో భాగం వచ్చింది. ఈసారి కథ ఐస్‌లాండ్‌లో. గొంతులు అలాగే ఉన్నాయి. కాని సెనువాకి దారిలో మనుషులు దొరికారు, పక్కన నడుస్తారు. మావయ్య అడిగిన ప్రశ్న గుర్తొచ్చి, ఆడుతూ ఆడుతూ ఆపేశాను.

2025 సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. ఈసారి లాప్‌టాప్ పట్టుకెళ్ళలేదు. కనుమ నాటి మధ్యాహ్నం, మావయ్య ఎవరిదో పాత ఫిలిప్స్ ట్రాన్సిస్టరు విప్పుకుని కూర్చుంటే ఎదురుగా కూర్చుని చెప్పాను. గోడ వెనక నుంచి పిలిచింది నేనే అని చెప్పాను.

"తెలుసురా" అన్నాడు, తలెత్తకుండా. "సందులో చెప్పుల చప్పుడు వినబడింది. అయినా నాకు వినబడేవాటిల్లో అమ్మ ఎప్పుడూ లేదు."

ఎప్పుడూ లేదు. మా ఇంటిల్లిపాదీ ఇరవై ఎనిమిదేళ్ళుగా, ఆయనకి వినబడేది వాళ్ళమ్మే అనుకుంటున్నాం.

"మరి ఎవరు మావయ్యా?" అని అడిగాను. ఆయన్ని ఆ మాట అడగడం అదే మొదటిసారి. చెప్పాడు. ఒకటి అంకెలు లెక్కపెడుతుందట, వందకి చేరకుండా మళ్ళీ మొదటికి వస్తుందట. ఒకటి తిడుతుంది. అది సాయంత్రం పూట ఎక్కువ. ఇంకొకటి ఏ భాషో తెలియదు, కాని చెడ్డది కాదన్నాడు. రేడియో పెట్టుకుంటే లెక్కపెట్టేది తగ్గుతుందట. అందుకే ఎప్పుడూ ఏదో ఒక సెట్టు మోగుతూ ఉంటుంది ఆ బల్ల మీద. నేను అది ఆయన వృత్తి అనుకున్నాను.

"గాలి సోకిందని కట్టేస్తుంటే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను కదరా. ఎవరో పిలిచారనే చెప్పాను" అన్నాడు. తర్వాత, "ఆ లైటు కాస్త ఇటు పట్టు" అన్నాడు. పట్టుకున్నాను. పని అయ్యేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

క్షమించాడో లేదో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఇప్పుడు ఫోనులో అమ్మని తగ్గిందా అని అడగడం మానేశాను. మావయ్యకే ఫోను చేసి, బల్ల మీద ఏ సెట్టు ఉందని అడుగుతాను. తెనాలి వెళ్ళినప్పుడు వెనక నుంచి గాని, పక్క గదిలోంచి గాని ఆయన్ని పిలవను. ఎదురుగా వెళ్ళి, మొహం కనబడేలా నిలబడి, ముందు నా పేరు చెప్పి, అప్పుడు పిలుస్తాను.